మూత ఎవరు తీస్తున్నారు?

నేను యంత్రాలకి శత్రువును కాను. నలభై ఏళ్లు పడవల కార్ఖానాలో వాటి మధ్యే బతికాను. ఆ నూనె మరకలు నా గోళ్ల చివర ఇప్పటికీ ఉన్నాయి. నాకు ఒళ్లు మండేది ఒక్కదానికే. మనిషి చేయాల్సిన పనిని యంత్రం నెత్తిన పడేసి, దానికి చదువు అని పేరు పెడితే మాత్రం ఊరుకోలేను.

అందుకే జనవరి మొదట్లో సోల్వై ఫోన్ చేసినప్పుడు కాస్త పెడసరంగానే మాట్లాడాను.

"ఐవిన్, ఈసారి కూడా ఎక్స్‌టర్నల్‌గా నువ్వే రావాలి. కానీ ముందే చెప్తున్నా, ఈసారి క్లాసంతా ఒక ప్రోగ్రాం పెట్టుకుని ఆలోచించారు."

"ప్రోగ్రాం పెట్టుకుని వాళ్లు ఆలోచించారా, వాళ్లని పక్కన పెట్టి అది ఆలోచించిందా?"

"ఒక్కసారైనా మంచి మాటతో మొదలుపెట్టవా నువ్వు?"

సోల్వై మా ఊరి ఇంజనీరింగ్ కాలేజీలో డిజైన్ చెబుతుంది. ఆమెకి వాదనంటే సరదా, నాకు కోపమంటే సరదా, అందుకే పదేళ్లుగా మా స్నేహం నిలిచింది. మా దగ్గర వైవాకి కాలేజీ మనిషి ఒకరు, బయటి మనిషి ఒకరు కూర్చుంటారు. మార్కు ఇద్దరూ ఒప్పుకునే వేయాలి. ఆ బయటి మనిషిని నేను.

ప్రోగ్రాం సంగతి ఆమె ఫోన్లోనే చెప్పింది. కంప్యూటర్లో ఒక పేజీ. క్లాసులో ఇరవై ఒక్క మంది, ఏడు జట్లు. ఒక్కో జట్టుకి ఊళ్లోంచి తెచ్చిన ఒక్కో సమస్య. ఏ జట్టు సమస్య మీదైనా ఎవరికి తోచింది వాళ్లు రాయొచ్చు. రాసినవాళ్ల పేరు కనబడదు, దానికి బదులు ఒక పిట్ట పేరు ఉంటుంది. పిచ్చుక, బాతు, గద్ద, కాకి, కొంగ, ఇలాగ. వాళ్ల మధ్యలో యంత్రం కూడా ఒక పిట్టై రాస్తుంది.

"ఏ పిట్ట?" అన్నాను.

"పిల్లలకే చెప్పలేదు, నీకు చెప్తానా? ఆఖరి వైవా అయ్యేదాకా నోరు విప్పనని వాళ్లకి మాటిచ్చాను. నాకు తెలిసింది కూడా ఆ ఒక్కటే. మిగతా పిట్టలు ఎవరెవరో నాకూ తెలీదు."

"ఎందుకీ దాగుడుమూతలు?"

"మన పిల్లల సంగతి నీకు తెలీదా? పదిమందిలో ఒక మంచి మాట చెప్తే, ‘అబ్బో, నువ్వేదో పెద్ద మొనగాడివా’ అనుకుంటారని చచ్చేంత భయం. పేరు లేకపోతే రాస్తారు."

అది నిజమే. ఆ భయం నాకూ ఉండేది. మా ఊళ్లో పిల్లలకి మాటలతో పాటు ఆ భయాన్ని కూడా నేర్పుతాం. తానేదో ప్రత్యేకమని ఎవరూ అనుకోకూడదు, అనుకున్నా బయటపడకూడదు.

రిపోర్టులు ఏడూ వచ్చాయి. ఒక్కోదాని వెనక ఆ పిట్టల రాతలన్నీ అచ్చువేసి కుట్టారు. నాలుగోది తెరవగానే నాకు ఉత్సాహం వచ్చింది. అది మా చెక్క రేవు గురించి. చలికాలంలో ఊళ్లోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలో, ఫ్యోర్డులో, మునకలేసే వాళ్లం పొద్దున్నే ఏడున్నరకి అక్కడికే చేరతాం. పదకొండు శీతాకాలాలుగా నేనూ మునుగుతున్నాను. నీళ్లలోంచి పైకి ఎక్కే నిచ్చెన దగ్గర నిరుడు ఇద్దరు జారిపడ్డారు, ఒకరికి తుంటి విరిగింది. ఆ నిచ్చెనని బాగుచేయడమే ఆ జట్టు పని. జట్టులో మాల్తే, కాయా, డాగ్నీ అని ముగ్గురు.

పిట్టల రాతలు చదవడం మొదలుపెట్టాను. కాకి అనే పిట్ట వదరుబోతు. మెట్లకి కరెంటు తీగ చుట్టి వెచ్చబెట్టమంది. నిచ్చెన బదులు క్రేను పెట్టమంది. మెట్లకి సీలు చేపల తోలు తొడగమంది. లెక్కపెట్టాను, రెండొందల పద్నాలుగు సలహాలు. ఈ వెధవ ఎవడో తిన్నగా కూర్చుని చదివే రకం కాదనుకున్నాను. పిచ్చుక అనే పిట్ట చెప్పిందే చివరికి వాళ్లు కట్టారు. నిచ్చెన పక్క కమ్మీని ఒక మీటరు పైకి లేపి, లోపలికి పెద్ద వంపు తిప్పారు. వేళ్లతో పట్టుకోనక్కర్లేదు, మోచేయి దూర్చి లాక్కుంటే చాలు. మునకేసి లేచినప్పుడు జారేది కాళ్లు కాదు, పట్టు తప్పేది మొద్దుబారిన వేళ్లని కనిపెట్టారన్న మాట. పదకొండేళ్లు ఆ నిచ్చెన ఎక్కిన నాకు అది తట్టలేదు.

పిచ్చుకకి ఎలా తట్టింది? కొంగ అడిగిన ఒక ప్రశ్న వల్ల. కొంగ ఎప్పుడూ సలహా ఇవ్వదు, ఒక్క ముక్క అడిగి ఊరుకుంటుంది. అందరూ మెట్ల మీద పడి కొట్టుకుంటుంటే కొంగ రాసింది, "పైకి వచ్చాక వాళ్ల ఫ్లాస్కుల మూత ఎవరు తీస్తున్నారు?" రెండు రోజులు ఎవరూ పట్టించుకోలేదు. మూడో రోజు పిచ్చుక రాసింది, "ఓరి దేవుడా, వేళ్లు!"

మిగతా ఆరు రిపోర్టుల్లోనూ కొంగ ఉంది. ఆసుపత్రి మందుల బండి దగ్గర, లైబ్రరీ తలుపు దగ్గర, ఎక్కడ చూసినా సరిగ్గా ముడి పడిన చోట ఒక్క ప్రశ్న. ఒక జట్టు చివర్లో కృతజ్ఞతలు కూడా చెప్పుకుంది, "కొంగ నువ్వే యంత్రానివని మాకందరికీ తెలుసు, అయినా థాంక్స్" అని. నేనూ అదే అనుకున్నాను. ఏడు జట్ల పనినీ అంత ఓపిగ్గా చదివే విద్యార్థిని నా జన్మలో చూడలేదు. ఆ రిపోర్టు మూసినప్పుడు మాత్రం మనసు చేదైంది. ప్రశ్నలు అడగడం కూడా యంత్రమే చేస్తే పిల్లలు నేర్చుకున్నదేమిటి?

వైవాలు మూడు రోజులు సాగాయి, ఆఖరి పొద్దున వచ్చింది ఈ జట్టే. మాల్తే పదికొచ్చాడు, కాయా పదిన్నరకొచ్చింది. చురుకైన పిల్లలు, ఇద్దరూ పాసయ్యారు. పదకొండింటికి సోల్వై తలుపు వేసి నా పక్కన కూర్చుంది.

"ఇక ఆఖరిది డాగ్నీ. నిరుడు రెండుసార్లు తప్పింది. ఇది మూడోసారి."

మూడోసారి అంటే ఏమిటో నాకు తెలుసు. తప్పితే కోర్సులోంచే పంపించేస్తారు. నాలుగోసారి ఉండదు.

"మొద్దా?" అన్నాను.

"కాదు. చేసిందంతా పక్కవాళ్లు చేశారంటుంది. నిరుడు కూడా అదే. ఆ పిల్ల ఏం చేసిందో ఆ పిల్ల నోటి నుంచే రావాలి కదా. ఈ గదిలో మనం విన్నదానికే మార్కు."

నేను కాఫీ ఫ్లాస్కు కోసం బయటికి వెళ్లాను. వరండాలో ఒకావిడ బెంచీ అంచున కూర్చుని ఉంది. ఆసుపత్రి లాండ్రీ యూనిఫాం మీదే పైకోటు తొడుక్కుంది. డాగ్నీ తల్లి అని చూడగానే తెలుస్తోంది, అదే నుదురు. పాసైన పిల్లల ఇళ్లవాళ్లు పూలూ, వైనూ, మా దగ్గర సంబరానికి ఊపే చిన్న చిన్న కాగితం జెండాలూ పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నారు. ఈవిడ చేతులు ఖాళీగా ఉన్నాయి. ఒళ్లోని సంచీలోంచి ఒక జెండా పుల్ల మాత్రం అర అంగుళం బయటికి వచ్చి ఉంది. నేను చూడటం చూసి దాన్ని లోపలికి తోసేసింది.

డాగ్నీ లోపలికి వచ్చి ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్ల ముందు కూర్చుంది. పొడుగు పిల్ల. నన్ను చూసి ఒక్క క్షణం ఆగింది, ఏదో అనబోయి మానేసింది.

నిచ్చెన గురించి చక్కగా చెప్పింది. కానీ ఎలా? పైపు మాల్తే వంచాడు. కొలతలు కాయా తీసింది. ఊహ పిచ్చుకది. పైపు మీద తాడు చుట్టాలన్నది బాతు. చివరికి కాలేజీ వర్క్‌షాపులో రంపం ఇచ్చినాయన పేరు కూడా చెప్పింది. చెప్పనిదల్లా తన పేరే.

"మరి నువ్వు?" అన్నాను.

"నేనూ ఉన్నానండి వాళ్లతో."

"ఉండి ఏం చేశావు?"

"పొద్దున్నే రేవు దగ్గర చూడ్డానికి వెళ్లేవాళ్లం. నేను కాస్త ముందు వెళ్లేదాన్ని."

"వెళ్లి?"

"కూర్చునేదాన్ని."

సోల్వై నావైపు చూసింది. గడియారంలో తొమ్మిది నిమిషాలు గడిచాయి, ఇంకా పదకొండు ఉన్నాయి. నా కోపం సంగతి నాకు తెలుసు, అది ఇలాంటి చోటే లేస్తుంది. ఎదుటివాడు పోట్లాడితే నాకు కోపం రాదు, చేతులు కట్టుకుని మునిగిపోతుంటే వస్తుంది.

"చూడమ్మా," అన్నాను, "నీ కంటే ఆ యంత్రమే నయంలా ఉంది. ఆ కొంగ. ఫ్లాస్కు మూత ఎవరు తీస్తున్నారని అడిగిందే, ఆ ఒక్క ప్రశ్నకి నేను పాస్ మార్కు ఇచ్చేస్తాను. మనుషులు ఇరవై ఒక్క మంది ఉండి ఆ ప్రశ్న ఒక యంత్రం అడగాల్సి వచ్చిందంటే నాకే సిగ్గేస్తోంది."

కాఫీ కలుపుతున్న సోల్వై చెంచా ఆగిపోయింది. డాగ్నీ మెడ దాకా ఎర్రబడింది. ఎందుకిలా ఇద్దరూ బిగుసుకుపోయారో నాకు అర్థం కాలేదు. పైగా నా నోరు అక్కడితో ఆగితే బాగుండేది.

"అలాగని దాన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు," అన్నాను రిపోర్టు తిరగేస్తూ. "ఇదిగో, చివర్లో ఒకటి అడిగింది. ‘నీళ్లలోకి దిగని ఆవిడ రోజూ ఎందుకు వస్తోంది?’ దీనికి మీరెవరూ జవాబు రాయలేదు, మంచిపని చేశారు. యంత్రానికి మనుషుల సంగతి తెలీదని ఇక్కడే తేలిపోయింది. నేనే ఆ రేవులో పదకొండు శీతాకాలాలు మునిగాను. ఆ చలిలో ఊరికే కూర్చోడానికి ఎవరొస్తారు? లేని మనిషిని పుట్టించింది."

"ఉంది," అంది డాగ్నీ.

"ఏంటి?"

"ఆవిడ ఉంది. ఎర్ర ఊలు టోపీ పెట్టుకుంటుంది. రేవు మీద మూడో స్తంభం దగ్గర కూర్చుంటుంది." కళ్లు దించలేదు. "మీ ఫ్లాస్కు మూత ఆవిడే తీస్తుంది."

"నాదా?"

"ఆకుపచ్చది. మూతకి నల్ల టేపు చుట్టి ఉంటుంది. మీరు పైకొచ్చి, ఆవిడ చేతిలో పెట్టి, అటు తిరిగి టవలు చుట్టుకుంటారు. ఆవిడ మూత తీసి వెనక నుంచి అందిస్తుంది. మీరు థాంక్స్ అంటారు, చూడకుండానే."

నా బుర్రలో ఆ రేవు గిర్రున తిరిగింది. నిజమే, ఎవరో తీసి ఇస్తారు. నాకంటే ముందు మునిగి వచ్చిన వాళ్లెవరో అనుకునేవాడిని. అనుకునేవాడిని కూడా కాదు, చేయి చాస్తే మూత తీసిన ఫ్లాస్కు వచ్చేది, అంతే. నా తల తీసి బల్ల మీద పెట్టినట్టయింది.

"నువ్వెక్కడున్నావు అప్పుడు?"

"బెంచీ మీద. నవంబరు నుంచి."

"నిన్ను నేను చూడలేదే."

"పర్వాలేదండి," అంది. వెక్కిరింపు కాదు, నిజంగానే పర్వాలేదన్నట్టు అంది. అది ఇంకా గట్టిగా తగిలింది.

సోల్వై చెంచా కింద పెట్టి, చాలా మెల్లిగా అడిగింది. "ఆవిడ ఎందుకొస్తుందో తెలుసుకున్నావా డాగ్నీ?"

"ఆవిడ భర్త అక్కడ మునిగేవాడట. పోయి రెండేళ్లయింది. ఆయన బతికున్నప్పుడు ఆయన ఫ్లాస్కు తీసేదట, ఇప్పుడు అందరివీ తీస్తోంది. అది కాదు అసలు సంగతి." ఆ పిల్ల ముందుకి వంగింది. "నిరుడు ఇద్దరు పడ్డారు కదా. ఇద్దరూ ఒకే వారంలో పడ్డారు. ఆ వారం ఆవిడ జ్వరంతో రాలేదు. మూడేళ్లలో పడింది ఆ ఇద్దరే. రేవు సంఘం పుస్తకంలో చూశాను. ఆవిడ కూర్చునే స్తంభం నిచ్చెనకి రెండడుగుల దూరం. ఎవరైనా తడబడితే ఆవిడ చేయి పట్టుకుంటుంది. అంటే కమ్మీ ఒక్కటే చాలదు. నీళ్లలోకి దిగని మనిషి హాయిగా కూర్చోడానికి అక్కడ ఒక చోటు ఉండాలి. వీపుకి గాలి తగలకుండా, చేయి చాస్తే నిచ్చెన అందేలాగ. అప్పుడు ఆవిడ కాకపోతే ఇంకొకరు కూర్చుంటారు. నాకు కనబడ్డ నిచ్చెన అదండీ."

నేను ఇలాంటి మాట కోసమే పదేళ్లుగా ఆ బల్ల దగ్గరికి వస్తున్నాను.

"ఇది రిపోర్టులో లేదేం?" అన్నాను చివరికి.

"అప్పటికే మాల్తే పైపు వంచేశాడు. మూడు రోజులు కష్టపడ్డాడు పాపం. ఇప్పుడు వెళ్లి ఇది చాలదంటే ఏం బాగుంటుంది? అందుకే ప్రశ్నలా రాసి వదిలేశాను."

తను ఏమందో తనకి అప్పుడు తెలిసింది. చేత్తో నోరు మూసుకుంది.

"రాసి వదిలేశావా?" అన్నాను. "అయితే కొంగవి నువ్వేనా?"

"యంత్రమని అందరూ అనుకున్నారు. నాకూ అదే బాగుందనిపించింది. యంత్రమంటే ఎవరికీ కోపం రాదు కదండీ."

మిగిలిన ఆరు నిమిషాలూ నేను ఆ పిల్లని వదల్లేదు. మందుల బండి ప్రశ్న ఎలా వచ్చింది, లైబ్రరీ తలుపు దగ్గర ఏం చూసింది, అన్నీ అడిగాను. ఆసుపత్రి లాండ్రీలో అమ్మకి సాయం వెళ్లినప్పుడు బండ్ల చప్పుడు విన్నదట. లైబ్రరీ తలుపు దగ్గర గంటన్నర నిలబడిందట. మొదట నత్తినత్తిగా చెప్పింది, తర్వాత చేతులు ఊపుతూ చెప్పింది. టైమైపోయిందని సోల్వై చెప్పినా ఆగలేదు.

ఆమె బయటికి వెళ్లాక సోల్వై కుర్చీలో వెనక్కి వాలింది.

"నీకు ముందే తెలుసా?" అన్నాను.

"కొంగ యంత్రం కాదని తెలుసు. డాగ్నీ అయ్యుంటుందని అనుమానం. మాటిచ్చాక ఏం చెప్పను? అనుమానానికి మార్కు కూడా వేయలేం. నువ్వు యంత్రం యంత్రం అంటుంటే నిన్ను బల్ల కింద నుంచి తన్నాలనిపించింది."

"తన్నాల్సింది. మరి యంత్రం ఏది?"

"కాకి."

"ఆ సీలు తోలు వెధవా?"

సోల్వై పడీపడీ నవ్వింది. "క్లాసంతా కాకి మాల్తే అనుకుని వాడిని ఏడిపించారు. దాన్ని పిచ్చి సలహాలు చెప్పడానికే పెట్టాను ఐవిన్. దానికి సిగ్గులేదు కదా. రెండొందల పిచ్చి మాటల పక్కన తమ మాట ఒకటి పడితే ఎవరూ నవ్వరని పిల్లలకి ధైర్యమొస్తుంది. తెలివైన యంత్రం పెట్టి ఉంటే అందరూ నోళ్లు మూసుకుని దాని మొహం చూసేవాళ్లు."

ఆ మాట నాకు నచ్చింది. నచ్చిందని వెంటనే ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.

"కానీ నాకూ ఒక గుబులుంది," అందామె నవ్వు ఆపి. "మాట్లాడతారని తెర కట్టాను, మాట్లాడారు. ఇప్పుడు ఆ తెర వెనకే ఉండిపోతారేమోనని భయం. ఇవాళ నువ్వు నోరు జారకపోతే ఆ పిల్ల ఇంటికి వెళ్లిపోయేది. ఇన్ని మంచి ప్రశ్నలు అడిగి, ఒక్కటీ నాదని చెప్పకుండా."

అదే జరిగి ఉండేది. తన గురించి ఎంత మాటన్నా ఊరుకున్న పిల్ల, ఎర్ర టోపీ ఆవిడ లేదంటే మాత్రం ఊరుకోలేదు. నా తెలివి వల్ల కాదు, నా మూర్ఖత్వం వల్ల తెర లేచింది. పరీక్షలు ఆ దారిన నడిపించకూడదు. వచ్చే ఏడాది వైవాకి ముందు పిట్టల పేర్లు వాళ్లంతట వాళ్లే విప్పుకునే రోజొకటి పెడదామని అక్కడికక్కడే అనుకున్నాం.

నేను పన్నెండు అన్నాను, మా దగ్గర అదే అన్నిటికంటే పై మార్కు. సోల్వై పది అంది. పొడిస్తే గానీ చెప్పని మనిషికి పన్నెండేమిటని వాదించింది. పదికి ఒప్పుకున్నాను, గొణుక్కుంటూ.

డాగ్నీని పిలిచి చెప్పాం. "పదా?" అంది. ఇంకోసారి చెప్పమంది. తలుపు తెరిచి ఉంది. బయట లాండ్రీ కోటు ఆవిడ లేచి నిలబడింది, సంచీలో చేయి పెట్టింది కానీ తీయలేదు, కూతురి మొహంకేసి చూస్తోంది. కూతురు తల ఊపింది. అప్పుడు తీసింది జెండా. దాని పుల్ల విరిగి ఉంది, బాగా గట్టిగా పట్టుకుందేమో. నేను కిటికీ వైపు తిరిగి ముక్కు చీదుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఏడున్నరకి రేవుకి వెళ్లాను. మూడో స్తంభం దగ్గర ఎర్ర టోపీ. వీపు గాలికి ఎదురుగా ఉంది, భుజాలు ముడుచుకుని కూర్చుంది. బట్టలు విప్పుకోకుండానే వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"మీ పేరేంటండీ?"

ఆవిడ తలెత్తింది. "ఇదేంటి, ఇవాళ మాటలొచ్చాయి మీకు?"

"వచ్చాయి. కాస్త ఆలస్యమైంది."

"తోరా," అంది. "ఎవరూ అడగరు. నవంబర్లో ఒక పొడుగు పిల్ల అడిగింది, అంతే."

ఆవిడ అలవాటుగా నా ఫ్లాస్కు కోసం చేయి చాచింది. నేను ఇవ్వలేదు. నీళ్లలోకి దిగకముందే, వేళ్లు ఇంకా పనిచేస్తుండగానే, మూత నేనే తీసి మొదటి కప్పు ఆవిడకి పోశాను.